విడుదల: వరమా, హక్కా?

కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండల మీద అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో రెండవ శాసనం ఒక విశేషాన్ని తెలియజేస్తుంది. తన రాజ్యంలోనే కాక, సరిహద్దులకు ఆవల ఉన్న చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్రుల దేశాలలోనూ, తామ్రపర్ణిలోనూ, యవనరాజు అంతియోకుని రాజ్యంలోనూ మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేయించినట్లు, ఓషధులు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించినట్లు, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించినట్లు చక్రవర్తి అందులో ప్రకటించుకున్నాడు. పొరుగు ప్రజల క్షేమం కూడా పాలకుని కర్తవ్యంలో భాగమేనన్న భావన ఈ ఉపఖండంలో ఎంత ప్రాచీనమైనదో చూపడానికి ఈ శాసనాన్ని ఉదాహరించడం పరిపాటి. అందులో తప్పు లేదు. అయితే అదే చోట ఉన్న పదమూడవ శాసనాన్ని కూడా దీనితో కలిపి చదవవలసి ఉంటుంది. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్షమంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్ల మంది ప్రాణాలు కోల్పోయారనీ ఆ శాసనం లెక్క చెబుతుంది. చక్రవర్తి పశ్చాత్తాపాన్ని కూడా వెల్లడిస్తుంది. ఆ వెనువెంటనే అడవి జాతులకు ఒక హెచ్చరిక చేస్తుంది: పశ్చాత్తాపం కలిగినంత మాత్రాన దండించే శక్తి పోలేదని. చెరలోకి పోయిన ఆ లక్షన్నర మంది ఏమయ్యారో మాత్రం శాసనం చెప్పదు.

ఈ రెండు శాసనాల మధ్య ఉన్న ఎడమే ఈనాడు దక్షిణాసియాలో మానవహక్కుల ప్రాంతీయ వ్యవస్థను గురించిన చర్చకు మూలం. పొరుగువారి పట్ల దయకు ఇక్కడ ఎన్నడూ కొరత లేదు. వరదలు వచ్చినప్పుడు, భూకంపాలు సంభవించినప్పుడు పొరుగు దేశాలు పరస్పరం ఆదుకున్న సందర్భాలు కోకొల్లలు. కాని దయ చూపేవాడు తన ఇష్టం వచ్చినప్పుడు చూపుతాడు, ఇష్టం లేనప్పుడు మానుకుంటాడు. మానుకున్నందుకు అతనిని ప్రశ్నించే అధికారం ఎవరికీ ఉండదు. హక్కు అన్నది అలాంటిది కాదు. అది తన్ను తాను నిరూపించుకోవడానికి పాలకుని మనఃస్థితి మీద ఆధారపడదు. భగ్నమైనప్పుడు అడగడానికి ఒక చోటు, వినడానికి ఒక వ్యక్తి, జవాబు చెప్పడానికి ఒక బాధ్యుడు ఉంటేనే దానిని హక్కు అనవచ్చు. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది మళ్ళీ దయే.

ఈ భేదం కేవలం తాత్త్వికులకు సంబంధించినదని భావించేవారు శ్రీకాకుళం తీరాన్ని ఒకసారి పరిశీలించాలి. ఒకనాటి కళింగదేశంలో భాగమైన ఈ తీరగ్రామాలనుంచీ, పక్కనున్న విజయనగరం తీరంనుంచీ మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసపోవడం చాలా కాలంగా సాగుతున్నదే. సొంత తీరంలో పెద్ద పడవలు నిలవడానికి తగిన రేవులు లేవు. అందువల్ల సముద్రపు పని తెలిసిన చేతులు అరేబియా సముద్రం మీది మరపడవలలో కూలికి కుదురుకుంటాయి. పడవ యజమాని ఒడ్డున ఉంటాడు. పడవను నడిపించే తండేలు, అతని కింద కళాసీలు సముద్రం మీద ఉంటారు. భారత పాకిస్తాన్‌ల మధ్య సముద్ర సరిహద్దు నేటికీ నిర్ణయం కాలేదు. సర్ క్రీక్ అనే ఉప్పుటేరు ఎవరిదన్న వివాదం తేలనిదే అక్కడినుంచి సముద్రంలోకి గీయవలసిన రేఖ కూడా తేలదు. రెండు ప్రభుత్వాలూ గీయలేకపోయిన గీతను దాటినందుకు కళాసీ దోషి అవుతాడు.

2018 చివరలో ఇరవై మందికి పైగా తెలుగు మత్స్యకారులను ఈ విధంగానే పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ నిర్బంధించింది. ఏడాదికి పైగా వారు కరాచీ జైలులో గడిపారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరుకున్నారు. ఈ ఘటన ఆధారంగా 2025లో ఒక తెలుగు చలనచిత్రం కూడా వచ్చింది. చిత్రానికి కథానాయకుడు అవసరం కనుక అందులో సాహసం ఉంటుంది. వాస్తవంలో ఉన్నది నిరీక్షణ. ఇది ఒకవైపు కథ మాత్రమే అనుకోవడమూ పొరపాటే. సింధు తీరంలోని మత్స్యకారులు ఇదే నేరానికి గుజరాత్ జైళ్ళలో ఇదే నిరీక్షణను అనుభవిస్తున్నారు. 2025 జూలై 1న ఇరు దేశాలూ ఇచ్చిపుచ్చుకున్న జాబితాల ప్రకారం పాకిస్తాన్ నిర్బంధంలో 193 మంది భారతీయ మత్స్యకారులు ఉండగా, భారత నిర్బంధంలో 81 మంది పాకిస్తానీ మత్స్యకారులు ఉన్నారు. ఆ సంవత్సరం మే నెలలో రెండు దేశాల మధ్య సాయుధ ఘర్షణ జరిగింది. అయినా జూలై 1న జాబితాలు చేతులు మారాయి. ఈ చిన్న వాస్తవానికి తగినంత గుర్తింపు లభించలేదు.

ఇలాంటి మత్స్యకారుల విడుదల జరిగినప్పుడల్లా ప్రభుత్వ ప్రకటనలలో కనిపించే మాట సౌహార్దం. పండుగల ముందు, శిఖరాగ్ర సమావేశాల ముందు, కొత్త ప్రభుత్వాలు పదవి చేపట్టే వేళ విడుదలలు జరుగుతాయి. 2014 మేలో ఢిల్లీలో ప్రమాణస్వీకార మహోత్సవానికి ముందు పాకిస్తాన్ సుమారు 150 మంది భారతీయ మత్స్యకారులను విడిచిపెట్టింది. ఆ సౌహార్దాన్ని శంకించనవసరం లేదు. అయితే శిక్షాకాలం ముగిసిన మనిషిని ఇంటికి పంపడం ఔదార్యమెలా అవుతుందన్నది ప్రశ్న. ముగిసిన తరువాత అతనిని ఉంచుకోవడం అక్రమం. పంపడం ఆ అక్రమాన్ని ఆపడం మాత్రమే. అప్పు తీర్చినవాడిని దాత అని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం అంటున్నారు, పత్రికలు కూడా ఆ మాటనే అచ్చువేస్తున్నాయి. దీనివల్ల జరిగే కీడు మాటలకు మాత్రమే పరిమితం కాదు. సౌహార్దానికి గుర్తుగా విడుదలైన మనిషి, సౌహార్దం చెడిన రోజున విడుదల కాడు. రెండు రాజధానుల మధ్య వాతావరణం అతని కటకటాలకు తాళంచెవి అవుతుంది. తాను చేసినదానికి కాక, తన దేశం చేసినదానికో చేయనిదానికో ఒక మనిషి లోపల ఉండవలసి వస్తే, అతని స్థితిని బందీ అన్న మాట కంటే తాకట్టు అన్న మాటే సరిగా వర్ణిస్తుంది.

అంతర్జాతీయ న్యాయం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడికలోని 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నిబంధనలు ఉల్లంఘించినవారికి ఆయా దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే కారాగార శిక్ష విధించరాదు. తగిన హామీ సమర్పించినప్పుడు పడవనూ సిబ్బందినీ సత్వరం విడుదల చేయాలి. భారతదేశం 1995లో, పాకిస్తాన్ 1997లో ఈ ఒడంబడికను ధ్రువీకరించాయి. అయితే పన్నెండు నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలకు ఈ రక్షణ వర్తించదు. పట్టుబడినచోటు ఏ మండలంలోకి వస్తుందో నిర్ణయించేది పట్టుకున్న దేశమే. తన వాదాన్ని వినిపించడానికి కళాసీకి ఉన్న ఏకైక వేదిక, తనను పట్టుకున్న రాజ్యపు న్యాయస్థానం. అక్కడ మాట్లాడే భాష అతనికి తెలియదు. శ్రీకాకుళం యాసలో అతను చెప్పేది అక్కడివారికి తెలియదు.

పాక్ జలసంధిలో సమస్య మరింత చిక్కుపడి ఉంది. అక్కడ శ్రీలంక నౌకాదళం తమిళనాడు మత్స్యకారులను పట్టుకోవడం తరచుగా జరుగుతున్నదే. కాని ఆ మరపడవలు సముద్రపు అడుగును గీరుకుపోయే వలలతో ఉత్తర శ్రీలంక జలాలలో వేటాడడం వల్ల నష్టపోతున్నవారు కూడా తమిళ మత్స్యకారులే. సుదీర్ఘ యుద్ధం నుంచి బయటపడి, చిన్న పడవలతో బ్రతుకు మళ్ళీ మొదలుపెట్టినవారు. శ్రీలంక 2017లో ఈ అడుగువల వేటను చట్టరీత్యా నిషేధించింది. ఇక్కడ ఒక పేదవాని జీవనోపాధి హక్కుకు ఎదురుగా నిలిచినది రాజ్యం ఒక్కటే కాదు, మరో పేదవాని జీవనోపాధి హక్కు. ఢిల్లీ తనవారి పక్షాన మాట్లాడుతుంది, కొలంబో తనవారి పక్షాన మాట్లాడుతుంది. ఇద్దరి మాటనూ ఒకే గదిలో విని, ఇరువురూ మనుషులేనన్న ప్రాతిపదిక మీద ఆలోచించే సంస్థ లేదు. ద్వైపాక్షిక చర్చల స్వభావమే అంత. అందులో ఇద్దరు వాదులు ఉంటారు, వినేవాడు ఉండడు.

ఇతర ఖండాలు ఈ లోటును ఏదో ఒక మేరకు పూరించుకున్నాయి. ఐరోపా 1950 నవంబరు 4న రోములో మానవహక్కుల ఒడంబడిక చేసుకుంది. అమెరికా ఖండాల దేశాలు 1959లో కమిషన్‌ను, 1979లో న్యాయస్థానాన్ని నెలకొల్పుకున్నాయి. ఆఫ్రికా దేశాల ప్రకటన 1981లో ఆమోదం పొంది 1986లో అమలులోకి వచ్చింది. ఆగ్నేయాసియా కూడా 2009లో ఒక ప్రాంతీయ కమిషన్ ఏర్పరచుకున్నది కాని, వ్యక్తుల ఫిర్యాదులపై విచారణ జరిపే అధికారం దానికి లేదు. ఈ వ్యవస్థల చరిత్ర సాఫల్యాల పరంపర అని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆఫ్రికా న్యాయస్థానాన్ని పౌరులు నేరుగా ఆశ్రయించే వీలును రువాండా 2016లో, టాంజానియా 2019లో ఉపసంహరించుకున్నాయి. ఉక్రెయిన్‌పై దాడి అనంతరం రష్యా 2022లో ఐరోపా మండలి నుంచి బహిష్కృతమైంది. గట్టి తీర్పులు వచ్చినప్పుడల్లా రాజ్యాలు తలుపు వెతుక్కుంటూనే ఉన్నాయి.

అయినా ఈ చరిత్రలో దక్షిణాసియా ప్రత్యేకంగా ఆలోచించవలసిన ఘట్టం ఒకటి ఉంది. 1967లో గ్రీసులో సైనికులు అధికారాన్ని హస్తగతం చేసుకొని పౌరులను చిత్రహింసలకు గురిచేసినప్పుడు డెన్మార్క్, నార్వే, స్వీడన్, నెదర్లాండ్స్ ఆ దేశంపై ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. హింసకు గురైనవారు ఆ దేశాల పౌరులు కారు. గ్రీసుతో వాటికి సరిహద్దు తగాదా లేదు, వ్యాపార వైరం లేదు. తమకు చెందని మనుషుల కోసం అవి అడిగాయి. కమిషన్ విచారించి ఆరోపణలు నిజమని తేల్చిన తరువాత, 1969లో గ్రీసు ఐరోపా మండలి నుంచి తానే తప్పుకున్నది. సైనిక పాలన అంతరించాక 1974లో తిరిగి చేరింది. దక్షిణాసియాలో ఒక దేశం మరో దేశాన్ని మానవహక్కుల గురించి ప్రశ్నించిన సందర్భాలు లేకపోలేదు. కాని ప్రశ్నించినవారికి అందులో ఏదో ఒక లాభం లేని సందర్భాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. తనవాడి కోసమో, తన మతంవాడి కోసమో, తన భాషవాడి కోసమో అడుగుతారు. అందుచేతనే విన్నవారు దానిని హక్కుల మాటగా కాక ఎత్తుగడగా పరిగణిస్తారు. చాలాసార్లు ఆ అనుమానం నిజమే.

ఈ ఉపఖండానికి ఇలాంటి ప్రయత్నం పరాయిదని చెప్పడం మాత్రం చరిత్రను విస్మరించడమే. ఐరోపా ఒడంబడిక కంటే ఏడు నెలల ముందే, 1950 ఏప్రిల్ 8న, ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ, లియాఖత్ అలీఖాన్ ఒక ఒప్పందంపై సంతకాలు చేశారు. తమ తమ దేశాలలోని అల్పసంఖ్యాక వర్గాలకు సమాన పౌరసత్వాన్ని, ప్రాణమాన రక్షణను, సంచార స్వేచ్ఛను, ఉద్యోగాలలో సమానావకాశాన్ని ఇరుపక్షాలూ పరస్పరం వాగ్దానం చేసుకున్నాయి. తూర్పు బెంగాల్, పశ్చిమ బెంగాల్, అస్సాంలలో అల్పసంఖ్యాక వర్గాల కమిషన్‌లు ఏర్పాటు కావాలనీ, వాటి సమావేశాలకు ఇరుదేశాల కేంద్ర మంత్రులూ హాజరు కావచ్చుననీ నిశ్చయించారు. ఒక దేశం తన పౌరులతో ఎలా ప్రవర్తించాలన్న విషయం మరో దేశంతో చేసుకున్న ఒడంబడికలో చేరడం, విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న ఆ రోజులలో అసాధారణమైన సాహసం. కేంద్ర మంత్రివర్గం నుంచి ఇద్దరు దీనిని నిరసిస్తూ తప్పుకున్నారు. కాని ఆ ఒప్పందంలోనే ఒక గడియ కూడా బిగించి ఉంది. అల్పసంఖ్యాకులు తమ కష్టాల పరిష్కారానికి తాము పౌరులుగా ఉన్న ప్రభుత్వం వైపే చూడాలని అది నిర్దేశించింది. వాగ్దానం ఇరుగుపొరుగుల మధ్య చేసి, ఫిర్యాదును మాత్రం ఇంటిలోపలే ఉంచారు. ఆ తరువాతి డెబ్బై అయిదేళ్ళలో దక్షిణాసియా ఈ గడియను దాటి ముందుకు పోలేదు.

1985 డిసెంబరులో ఢాకాలో ఏర్పడిన సార్క్ దాని నిబంధనావళి పదవ అధికరణంలోనే రెండు సూత్రాలు చేర్చుకుంది: నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకు రాకూడదు. సంస్థ పుట్టాలంటే ఆనాడు ఈ షరతులు తప్పనిసరి అయి ఉండవచ్చు. 2002 జనవరిలో ఖాట్మండులో స్త్రీల, బాలల అక్రమ రవాణాను అరికట్టే ఒడంబడిక, 2004 జనవరిలో ఇస్లామాబాదులో సామాజిక ప్రకటన వచ్చాయి. మొదటిది వ్యభిచార వృత్తి కోసం జరిగే రవాణాకే పరిమితం కాగా, ఇటుక బట్టీలకూ ఇంటి చాకిరీకీ సరిహద్దులు దాటించబడేవారు దాని వెలుపలే మిగిలారు. రెండవది సదాశయాల పట్టికగా ఉండిపోయింది. 2014 నవంబరులో ఖాట్మండు శిఖరాగ్ర సమావేశం తరువాత సార్క్ దేశాధినేతలు ఒకచోట కూర్చోలేదు. ఈ ప్రాంతంలో జరిగే అన్యాయాలలో వివాదాస్పదం కానిది ఏదో చెప్పడం సులభం కాదు కనుక, పదవ అధికరణం ఆచరణలో మౌనవ్రతంగా పరిణమించింది.

ఈ మౌనానికి ఒక సామాజిక సంస్కారం కూడా తోడైంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెతను తెలుగువారు సర్వసాధారణంగా విభీషణుని మనసులో పెట్టుకొని వాడతారు. ఇంటి సంగతి బయట చెప్పినవాడు ఇంటికి చేటు తెచ్చాడని దాని అభిప్రాయం. లంకకు నిజంగా చేటు తెచ్చినది విభీషణుని నోరా, అశోకవనంలోని చెరా అన్న ప్రశ్న ఆ సామెతలో లేదు. రామాయణంలో విభీషణుడు మొదట బయటికి పోలేదు. దూతను చంపరాదని నిండు సభలో వాదించాడు, పరస్త్రీని తిరిగి అప్పగించమని అన్నకు పదేపదే చెప్పాడు, అవమానం పొందాడు, ఇంటిలో అడిగే చోటు మిగలనప్పుడే సముద్రం దాటాడు. నేటి అంతర్జాతీయ న్యాయం కూడా సరిగ్గా ఇదే క్రమాన్ని కోరుతుంది. స్వదేశంలోని పరిహార మార్గాలన్నీ ముగిసిన తరువాతనే బయటి వేదికను ఆశ్రయించాలంటుంది. తెలుగు సామెతలో గుట్టు విప్పినవాడిగా మిగిలిన విభీషణుడిని కొలంబో సమీపంలోని కెలనియలో ద్వీపరక్షక దేవతగా కొలుస్తారన్నది ఈ సందర్భంలో స్మరించదగ్గ విషయం. బయటి వేదికకు ఫిర్యాదు చేసిన పౌరుడిని ద్రోహిగా చూడడమా, ఇంటి రక్షకునిగా చూడడమా అన్నది ఈ ప్రాంతం ఇంకా తేల్చుకోలేదు. నేపాల్, శ్రీలంక, మాల్దీవుల ప్రభుత్వాలు తమ పౌరులు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘానికి వ్యక్తిగతంగా మొర పెట్టుకునే ఐచ్ఛిక ఒడంబడికలో చేరాయి, మిగిలినవి చేరలేదు. చేరిన శ్రీలంకలో కూడా ఆ దేశ సుప్రీంకోర్టు 2006లో ఆ చేరిక రాజ్యాంగబద్ధం కాదని తీర్పు చెప్పింది.

ప్రభుత్వాలు మాట్లాడుకోని విషయాలను న్యాయస్థానాలు మాట్లాడుకుంటూ ఉండడం దక్షిణాసియాలోని విచిత్రం. పని ప్రదేశాలలో స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టడానికి భారత సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు 2009లో బంగ్లాదేశ్ హైకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలకు దారి చూపాయి. మూడవ లింగపు వ్యక్తుల హక్కులపై నేపాల్ సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పునూ, హిజ్రాల విషయంలో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలనూ భారత సుప్రీంకోర్టు 2014 నాటి తన తీర్పులో ప్రస్తావించింది. జీవించే హక్కులో పరిశుభ్రమైన పరిసరాలు కూడా అంతర్భాగమని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1994లో తీర్పు చెప్పినప్పుడు భారత తీర్పులను ఆధారం చేసుకుంది. ఏ ఒడంబడికా విధించలేదు, ఏ శిఖరాగ్ర సమావేశమూ ఆమోదించలేదు. అయినా ఒక దేశపు న్యాయం మరో దేశంలో ప్రమాణమైంది. పెద్ద దేశం చిన్న దేశం నుంచి నేర్చుకోవడం కూడా ఈ వినిమయంలో సహజంగానే జరిగిపోయింది.

పొరుగు దేశపు మనిషిని హక్కుదారుగా గుర్తించిన తీర్పులూ ఉన్నాయి. భారత రాజ్యాంగపు 21వ అధికరణం పౌరుడు అనకుండా వ్యక్తి అన్నది. ఒకప్పుడు తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపడిన చక్మాల ప్రాణాలను కాపాడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసు వేసింది జాతీయ మానవహక్కుల కమిషన్. హౌరాలో రైల్వే వసతి గృహంలో అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళకు పది లక్షల రూపాయల పరిహారాన్ని 2000లో అదే న్యాయస్థానం ఖరారు చేసింది. ఆమె ఈ దేశ పౌరురాలు కాదన్న వాదం నిలవలేదు. ఇక్కడ సౌహార్దం అన్న మాట రాలేదు, ఆమె దేశంతో సంబంధాలు ఎలా ఉన్నాయన్న ప్రశ్నా రాలేదు.

కాబట్టి ప్రాంతీయ వ్యవస్థను బలోపేతం చేయడమంటే ఐరోపా నమూనాలో ఒక మహాసౌధాన్ని రేపే నిర్మించడమని భావించనక్కరలేదు. అటువంటి న్యాయస్థానాన్ని ఇక్కడి రాజ్యాలు సమీప భవిష్యత్తులో అంగీకరించవు. పెద్ద దేశానికి, చిన్న దేశాలన్నీ జట్టుకట్టి తనను బోనులో నిలబెడతాయన్న సంశయం. చిన్న దేశాలకు, హక్కుల పేరుతో పెద్ద దేశం తమ ఇంటిలో అడుగుపెడుతుందన్న భయం. ఈ రెండు భయాలకూ ఆధారాలు ఉన్నాయి. నిజానికి పెద్ద దేశపు ఒత్తిడికి వెరచే చిన్న దేశానికి, అందరికీ ఒకే సూత్రం వర్తించే వేదికే ఎక్కువ రక్షణ ఇస్తుంది కాని, భయం తర్కానికి లొంగేది కాదు. జాతీయ కమిషన్‌లు భారత్‌లో 1993 నుంచి, తరువాత శ్రీలంక, నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలోనూ ఏర్పడ్డాయి. 2002లో ఏర్పడిన ఆఫ్ఘనిస్తాన్ కమిషన్‌ను తాలిబన్ పాలకులు 2022లో రద్దు చేశారు. వాటి అధికారాలు సలహా దశ దాటవు. సాయుధ దళాలపై వచ్చిన ఆరోపణల విషయంలో భారత కమిషన్ కేంద్రం నుంచి నివేదిక కోరగలదే కాని తానే స్వతంత్రంగా దర్యాప్తు చేయలేదు. ఇలాంటి సంస్థలను కలిపినంత మాత్రాన ఒక ప్రాంతీయ వ్యవస్థ ఏర్పడదు.

ఏర్పడగలిగినది ఎక్కడ మొదలవుతుందో మత్స్యకారుల విషయమే సూచిస్తుంది. 2007లో భారత పాకిస్తాన్‌లు ఖైదీల సమస్యపై చెరి నలుగురు విశ్రాంత న్యాయమూర్తులతో ఒక సంయుక్త సంఘాన్ని నియమించాయి. ఒక దేశపు న్యాయమూర్తులు మరో దేశపు జైళ్ళలోకి వెళ్ళి, ఖైదీలతో ముఖాముఖి మాట్లాడి, సిఫారసులు చేశారు. సార్వభౌమత్వానికి భంగం కలిగిందని ఎవరూ ఆక్రోశించలేదు. నెహ్రూ లియాఖత్ ఒప్పందం బిగించిన గడియ ఇక్కడ కొంచెం సడలింది. ఈ సంఘపు చివరి జైలు పర్యటన 2013 అక్టోబరులో జరిగింది. పునరుద్ధరణకు 2018లో ఇరుపక్షాలూ సమ్మతించినా పని ముందుకు సాగలేదు. ఈ సంఘం శాశ్వతమై, దాని పర్యటనలు సంబంధాల వేడి చల్లదనాలతో నిమిత్తం లేకుండా జాబితాల మాదిరిగానే నియత తేదీలలో జరిగి, శ్రీలంక, బంగ్లాదేశ్ న్యాయమూర్తులకు కూడా అందులో స్థానం లభిస్తే, వినేవాడు లేడన్న లోటు కనీసం సముద్రం మీద తీరుతుంది.

2008 మే నెలలో ఇరుదేశాలూ చేసుకున్న ఒప్పందం మరింత సూక్ష్మంగా చూడదగినది. అరెస్టయిన మూడు నెలలలోగా దౌత్యాధికారులు ఖైదీని కలుసుకునే వీలు కల్పించాలనీ, శిక్ష పూర్తయి జాతీయత నిర్ధారణ అయిన నెలలోగా విడుదల చేసి స్వదేశానికి పంపాలనీ అది నిర్దేశిస్తుంది. నెల అన్న గడువు స్పష్టమైనదే. కాని ఆ నెల ఎప్పటినుంచి లెక్కకు వస్తుందో గమనించాలి. జాతీయతను నిర్ధారించవలసినది పట్టుకున్న దేశం కాదు, ఖైదీ సొంత దేశం. దానికి ఎంత కాలం పట్టవచ్చునో ఒప్పందంలో లేదు. సముద్రం మీదికి పోయే కళాసీ నడుముకు పౌరసత్వ పత్రం కట్టుకొని పోడు. కరాచీలో అతను చెప్పిన పేరు, ఊరు ఇస్లామాబాదులోని దౌత్య కార్యాలయానికి చేరి, అక్కడినుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, చివరకు అతని గ్రామానికి రావాలి. పడవ గుజరాత్‌లో నమోదైనది, మనిషి ఆంధ్రదేశపువాడు కనుక రెండు రాష్ట్రాలలో విచారణ జరగాలి. అదే దారిలో జవాబు వెనక్కు పోవాలి. ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్ని రోజులు నిలిచిందో అడిగే హక్కు ఖైదీ భార్యకు ఆ ఒప్పందం ఇవ్వలేదు. అడగడానికి ఆమె సరిహద్దు దాటవలసిన పని కూడా లేదు. శిక్ష ముగిసిన తరువాతి నిరీక్షణలో కొంత భాగం వాఘాకు ఈవలనే, స్వదేశపు కార్యాలయాలలోనే గడుస్తున్నది.